బాబు కడుపులో బల్ల, స్కానింగ్ కాగితంలో ఒక పెద్ద మాట

గాజువాక_నాన్న
మా బాబుకు పద్నాలుగు నెలలు. మూడు నెలలుగా ఒళ్లు పాలిపోతోంది, కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయి, పొట్ట మాత్రం పెరుగుతోంది. మా అమ్మ రెండు నెలల్లో రెండుసార్లు మొలతాడు వదులు చేసింది. మూడోసారి కొత్తది కొని కట్టాల్సి వచ్చినప్పుడు గాని మాకు భయం పుట్టలేదు. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించాము. హిమోగ్లోబిన్ 5.8, తెల్లకణాలు 42,000, ప్లీహం పొడవు 10.6 సెంటీమీటర్లు, కాలేయం కూడా పెరిగింది అని రాశారు. స్కానింగ్ కాగితం చివరి వరుసలో 'ఎక్స్‌ట్రామెడులరీ హెమటోపోయిసిస్ కావచ్చు' అని ఉంది. అర్థం అడిగితే డాక్టరుగారు 'ముందు రక్తం ఎక్కిద్దాం, తరువాత మాట్లాడదాం' అని చెప్పి తరువాతి టోకెను పిలిచారు. ఇంటికి వచ్చి వెతికితే 'రక్తం ఎముక మూలుగ బయట తయారు కావడం' అని తేలింది. తెల్లకణాల అంకె చూసిన మా బావగారు ఇది బ్లడ్ క్యాన్సరేనని తీర్పు చెప్పేశారు. రేపు పొద్దున పది గంటలకు రక్తం ఎక్కిస్తారట. రక్తం ఎముకల్లో పుడుతుందని బడిలో చదువుకున్నాను. బయట ఎక్కడ పుడుతుంది, ఎందుకు పుడుతుంది, అదే ఒక రోగమా? తెలిసినవారు చెప్పగలరు.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ
మీ బావగారికి వైద్య పట్టా ఏ కాలేజీ ఇచ్చిందో ముందు కనుక్కోండి. నాకూ అలాంటి బావ ఒకరున్నారు. మా ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆయన మెదడులో గడ్డ దగ్గరే మొదలుపెడతారు.

సూక్ష్మదర్శిని
గాజువాక బాబూ, మిగతా సంగతులు తరువాత చెబుతాను, ఈ ఒక్క పని రేపు పది గంటలకు ముందే జరగాలి. రక్తం ఎక్కించక ముందు, ఊదారంగు మూత ఉన్న గొట్టంలో బాబు రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి ఉంచమనండి. దానితో హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. దాత రక్తం లోపలికి వెళ్లాక ఏది బాబు హిమోగ్లోబిన్, ఏది దాతది అని విడదీయడం కష్టమవుతుంది. ఆ కలిసిన రక్తం అరిగిపోయేదాకా నెలల తరబడి ఆగే ఓపిక ఆ పసి ఒంటికి ఉండదు. అదే గొట్టం నుంచి గాజుపలక మీద ఒక పూత తీసి, యంత్రంతో సరిపెట్టకుండా మనిషి కంటితో చూడమని కూడా రాయించుకోండి. వీలైతే ఏ, బీ, ఓ గ్రూపుతో పాటు ఎర్రకణాల మీద ఉండే మిగతా గ్రూపులు కూడా ఇప్పుడే తీయించండి, ముందుముందు పనికివస్తుంది. నేను ముప్పై రెండేళ్లు రక్తపరీక్షల గదిలో పనిచేసి రిటైరైన దాన్ని. ఈ గొట్టం తీయడం మరిచిపోయిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని చూశాను.

గాజువాక_నాన్న
మేడమ్ గారూ, ఇప్పుడే ఫోన్ చేశాను. రాత్రి డ్యూటీ సిస్టరు గారు కేస్‌షీటు మీద రాసుకున్నారు. తెల్లకణాలు 42,000 అంటే ఏమిటో ఆ ఒక్క మాట కూడా చెప్పండి, ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

సూక్ష్మదర్శిని
అన్నం తినండి. యంత్రం కణాలను లెక్కించేటప్పుడు కేంద్రకం ఉన్న ప్రతి కణాన్నీ తెల్లకణం కిందే జమకడుతుంది, అన్ని యంత్రాలూ కాకపోయినా చాలా యంత్రాలు ఇంతే. మామూలుగా ఎర్రకణం మూలుగలో ఉన్నంతకాలం కేంద్రకంతో ఉంటుంది, దాన్ని వదిలేసిన తరువాతే రక్తంలోకి వస్తుంది. కాలేయంలో, ప్లీహంలో రక్తం తయారవుతున్నప్పుడు, లేదా మూలుగ మీద ఒత్తిడి విపరీతంగా ఉన్నప్పుడు, కేంద్రకం వదలని పచ్చి ఎర్రకణాలు కూడా గేటు దాటి బయటికి వచ్చేస్తాయి. వాటిని పలక మీద విడిగా లెక్కించి అంకెను సరిచేయాలి. నూరు తెల్లకణాలకు నూటపది పచ్చి ఎర్రకణాలు కనబడ్డాయనుకోండి. అప్పుడు 42,000ను 100తో గుణించి 210తో భాగిస్తే 20,000 వస్తుంది. మీ బాబుకు ఎంత వస్తుందో నాకు తెలియదు, పలక చూడకుండా చెప్పకూడదు. రక్తక్యాన్సరు కాదని నిర్ధారించేది కూడా ఆ పలకే, నేను కాదు, మీ బావగారు కాదు.

భీమిలి_మావయ్య
మా రోజుల్లో దీన్ని కడుపులో బల్ల అనేవారు, ఇంత పెద్ద ఇంగ్లీషు పేరు లేదు. పిల్లాడికి రక్తం తక్కువైంది, అంతే. వారానికి రెండుసార్లు మేక కార్జం, రోజూ బీట్‌రూటు రసం, ఒక మంచి ఐరన్ టానిక్ ఇస్తే రక్తం దానంతటదే పడుతుంది. ప్రతిదానికీ యంత్రాలు, గొట్టాలు అంటూ జనాన్ని భయపెట్టడం ఎక్కువైపోయింది.

సంపెంగ_మొగ్గ
భీమిలి మావయ్య గారూ, మీ సలహాను మేము తొమ్మిది నెలలు పాటించాము. మా పాపకు ఏడాది వయసులో ఒక క్లినిక్‌లో ఐరన్ టానిక్ రాశారు. పళ్లు నల్లబడ్డాయి గాని హిమోగ్లోబిన్ ఆరు దాటలేదు. మార్చిన టానిక్కులు మూడు, తినిపించిన కార్జానికి లెక్క లేదు. చివరికి అది థలసీమియా మేజర్ అనే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు అని తేలింది. ఆ పిల్లలకు ఇనుము తక్కువ కాదు, ఎక్కువే. రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, ఒళ్లు తనంతట తాను రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటికి పంపలేదు. పరీక్ష తేలేవరకు ఐరన్ టానిక్ మొదలుపెట్టవద్దని గాజువాక అన్నయ్యకు నా మనవి. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకుని మరుసటి రోజు బడికి వెళుతుంది.

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
కాగితం చూసి రోగం పేరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కాబట్టి గాజువాక నాన్నగారు అడిగిన ప్రశ్నకే జవాబు రాస్తాను: మూలుగ బయట రక్తం ఎక్కడ పుడుతుంది, ఎందుకు పుడుతుంది.

మనందరి రక్తమూ మొదట మూలుగ బయటే పుట్టింది. తల్లి కడుపులో పిండానికి మూడో వారం నడుస్తున్నప్పుడు, ఎముకలు ఇంకా ఏర్పడక ముందే, పిండాన్ని అంటిపెట్టుకున్న సొనసంచిలో మొదటి రక్తకణాలు తయారవుతాయి. రెండో నెలలో ఆ పని కాలేయం చేతికి వస్తుంది, ప్లీహం కొంత సాయం చేస్తుంది; నాలుగైదు నెలల నుంచి ఎముకల మూలుగ పని నేర్చుకుంటూ, కాన్పు నాటికి దాదాపు మొత్తం బాధ్యత తీసుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కాలేయంలో ఈ పని ఇంకా జరుగుతూనే ఉంటుంది, కొద్ది వారాల్లో ఆగిపోతుంది, అది రోగం కాదు. అంటే కాలేయానికీ ప్లీహానికీ ఇది కొత్త విద్య ఏమీ కాదు, మానేసిన పాత వృత్తి.

చంటిపిల్లల్లోనే ఇది తొందరగా బయటపడడానికి ఇంకొక కారణం ఉంది. పెద్దవాళ్ల కాళ్లు చేతుల ఎముకల్లో మూలుగ చాలావరకు కొవ్వుగా మారి ఖాళీగా ఉంటుంది. అవసరం వస్తే ఆ చోటు మళ్లీ ఎర్రమూలుగగా మారగలదు. చంటిబిడ్డ ఒంట్లో వేలి ఎముకతో సహా ప్రతి ఎముకలోనూ అప్పటికే ఎర్రమూలుగ నిండి పనిచేస్తూ ఉంటుంది. గిరాకీ పెరిగితే విస్తరించడానికి ఖాళీ గది లేదు. అప్పుడు మూలుగ ఎముకనే లోపలి నుంచి తోస్తుంది, నుదురు, బుగ్గ ఎముకలు ముందుకు వస్తాయి. మరోవైపు కాలేయం, ప్లీహం పాత పనిలోకి దిగి ఉబ్బుతాయి.

కాబట్టి మీ కాగితంలోని ఆ మాట రోగం పేరు కాదు, లోపల ఏదో మూలుగను చాలనివ్వడం లేదని చెప్పే గుర్తు మాత్రమే. ఆ ఏదో ఏమిటన్నదే తేలాలి. ఎర్రకణాలు పుడుతూనే చచ్చిపోయే థలసీమియా కావచ్చు, పుట్టినవి తొందరగా పగిలిపోయే జబ్బులు కావచ్చు, మూలుగలో చోటే లేని అరుదైన ఎముకల జబ్బు కావచ్చు, విటమిన్ డి తీవ్రంగా తగ్గిన రికెట్స్‌లో మూలుగ నారకట్టడం కావచ్చు, రక్తక్యాన్సరు కూడా ఈ వరుసలో ఒకటి. మరొక మాట: స్కానింగ్‌లో ప్లీహం పెద్దదని మాత్రమే కనిపిస్తుంది, అందులో రక్తం పుడుతున్నదీ లేనిదీ కనిపించదు. అందుకే 'కావచ్చు' అని రాశారు.

కంచరపాలెం_కుర్రోడు
డాక్టరుగారూ, నేను జువాలజీ డిగ్రీ చదువుతున్నాను. కాలేయంలో నిద్రపోతున్న పాత మూలకణాలే మళ్లీ లేస్తాయా, లేక మూలుగలోని మూలకణాలు రక్తంలో కొట్టుకువచ్చి అక్కడ కాపురం పెడతాయా? మా మాస్టారు మొదటిదే అన్నారు.

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
రెండూ చదివాను. మూలుగ నుంచి బయలుదేరిన మూలకణాలు అక్కడ చేరతాయనీ, అవి కాపురం పెట్టడానికి కావలసిన వాతావరణం ఆ అవయవాల్లో పిండ దశ నుంచి మిగిలి ఉంటుందనీ అనుకుంటే రెండింటికీ పొంతన కుదురుతుంది. మీ మాస్టారితో తగవు పెట్టుకోకండి, ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి.

గాజువాక_నాన్న
గొట్టం తీశారు. తరువాతే రక్తం మొదలుపెట్టారు, నాలుగు గంటలు మెల్లగా ఎక్కించారు. సాయంత్రానికి బాబు పెదవులు గులాబీ రంగుకు తిరిగాయి. నేను ఆ రంగు మరిచిపోయాను. డాక్టరుగారు చెప్పింది నాకు నా పని భాషలో అర్థమయింది. నేను స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు మనిషిని. గోదావరి, కృష్ణ అనే రెండు ఫర్నేసులు చాలనప్పుడు అన్నపూర్ణను కూడా వెలిగించినట్టు, మూలుగ చాలక కాలేయాన్ని, ప్లీహాన్ని వెలిగించారన్నమాట. మరి మూడు కొలుములు మండుతుంటే హిమోగ్లోబిన్ 5.8 దగ్గర ఎందుకుంది?

సూక్ష్మదర్శిని
మూడో కొలిమి వెలిగించినా పోసే ఖనిజం మంచిది కాకపోతే బయటికి వచ్చేది తుక్కే కదా బాబూ. థలసీమియాలో జరిగేది అదే. హిమోగ్లోబిన్‌కు రెండు రకాల గొలుసులు జతగా కావాలి. బీటా గొలుసు తయారు కాకపోతే జత దొరకని ఆల్ఫా గొలుసులు కణంలోనే పేరుకుని, కణం పెరిగి పెద్దది కాకముందే దాన్ని చంపేస్తాయి. ఇక్కడ రక్తం చాలడం లేదని మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను ద్వారా ఇంకా చేయమని ఆర్డరు మీద ఆర్డరు పంపుతూనే ఉంటాయి. మూలుగలో పుట్టినా, కాలేయంలో పుట్టినా కణంలోని లోపం ఒకటే కాబట్టి తుక్కే పెరుగుతుంది.

భీమిలి_మావయ్య
సంపెంగ అమ్మాయి రాసింది చదివాక నా టానిక్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను అలా రాయడానికి కారణం వేరే ఉంది. మా తమ్ముడికి నాలుగేళ్లప్పుడు ఇలాగే బల్ల పెరిగితే, పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి ఎడమ డొక్క కింద మూడు వాతలు పెట్టాడు. అమ్మ వాడి కాళ్లు పట్టుకుంది, నేను చేతులు పట్టుకున్నాను. తరువాత పెద్దాసుపత్రిలో అది మలేరియా అని చెప్పి మాత్రలు ఇస్తే తగ్గింది. వాడికి ఇప్పుడు అరవై దాటింది, మచ్చలు అలాగే ఉన్నాయి. ఆసుపత్రి అంటే భయం లేదు గాని, పసిపిల్లలను హింస పెట్టే పని ఏది చూసినా నాకు అదే గుర్తుకు వస్తుంది.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ
మావయ్య గారూ, ఈ వేదికలో మాట వెనక్కి తీసుకున్న మొదటి మనిషి మీరే. మీకు సింహాచలం చందనం ప్రసాదంగా పంపించాలి.

పాడేరు_టీచరమ్మ
ప్లీహం పెద్దదైన ప్రతి పిల్లవాడిలోనూ అక్కడ రక్తం పుడుతోందని అనుకోకూడదని నా అభిప్రాయం. మా ఏజెన్సీలో ఎడమ డొక్క కింద చేతికి బల్ల తగిలితే మొదట మలేరియా చూస్తారు, తరువాత సికిల్‌సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, చూస్తారు. మా ఆశ్రమ పాఠశాలలో ఒక పాప తమ్ముడికి, రెండేళ్ల వాడికి, పొద్దున బాగున్న పొట్ట సాయంత్రానికి రాయిలా అయింది, మనిషి తెల్లబడిపోయాడు. వాళ్ల అమ్మ పరుగున వచ్చి 'ఏటి టీచరమ్మా, గుంటడు ఇలాగైపోయాడు' అని నా చేతుల్లో పెట్టింది. అది సికిల్‌సెల్, ఉన్న రక్తమంతా ఒక్కసారిగా ప్లీహంలో ఇరుక్కుపోయిందని పాడేరు ఆసుపత్రిలో చెప్పారు. ఇలాంటిది గంటల్లో ప్రాణం తీస్తుంది కాబట్టి, సికిల్‌సెల్ ఉన్న పిల్లల తల్లులకు రోజూ డొక్క తడిమి చూడడం నేర్పిస్తున్నారు. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఇప్పుడు మా బడిపిల్లలకు పరీక్షలు జరుగుతున్నాయి.

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
టీచరమ్మగారి సవరణ సరైనది. ప్లీహం ఉబ్బడానికి రక్తం పుట్టడం ఒక్కటే కారణం కాదు. పాడైన కణాలను నమిలి నమిలి కూడా ఉబ్బుతుంది, రక్తం నిలిచిపోయి కూడా ఉబ్బుతుంది. థలసీమియాలో మొదటి రెండూ కలిసి నడుస్తాయి. సికిల్‌సెల్ పిల్లల్లో ఆ ప్లీహమే క్రమంగా దెబ్బతిని, చాలామందిలో ఐదారేళ్ల తరువాత చేతికి తగలనంతగా కుంచించుకుపోతుంది.

మధురవాడ_మేనత్త
డాక్టరుగారు 'మూలుగలో చోటే లేని అరుదైన జబ్బు' అని ఒక్క ముక్కలో దాటేశారు, ఆ ముక్క మా ఇంట్లో జరిగింది. మా తమ్ముడిది మేనరికం. వాళ్ల బాబు నాలుగో నెలలో కూడా మొహం వైపు చూసేవాడు కాదు. గిలక్కాయ చప్పుడుకు తిరిగేవాడు గాని గిలక్కాయను చూసేవాడు కాదు. రక్తం తక్కువ, పొట్ట నిండా కాలేయం, ప్లీహం. మొదటి మూడుచోట్ల రక్తం ఎక్కించి పంపేశారు. నాలుగోచోట ఒక పెద్దాయన ఛాతీ ఎక్స్‌రేను కిటికీకి ఎదురుగా పట్టుకుని, 'ఈ ఎముకల్లో లోపలి గీత కనబడడం లేదు, సుద్దముక్కల్లా ఉన్నాయి' అన్నారు. పేరు ఆస్టియోపెట్రోసిస్ అన్నారు. పాత ఎముకను కరిగించే కణాలు పనిచేయక, ఎముక లోపల మూలుగ ఉండవలసిన బోలు అంతా ఎముకతోనే పూడిపోతుందట. కంటినరం వెళ్లే రంధ్రం కూడా అలాగే ఇరుకైపోతుందట. వాడికి రక్తం తయారుచేసే కణాల్లో లోపం లేదు, అవి ఉండడానికి ఇల్లు లేదు. ఆ బాబు బతికినన్నాళ్లూ కాలేయం, ప్లీహమే వాడికి రక్తం పోశాయి. మూలుగ మార్పిడికి దాత కుదిరేలోపే న్యుమోనియా వచ్చి తొమ్మిదో నెలలో పోయాడు. గాజువాక తమ్ముడిని భయపెట్టడానికి ఇది రాయలేదు. బాబు వస్తువును కంటితో వెంబడిస్తున్నాడా లేదా అని మాత్రం చూసుకోమని రాస్తున్నాను.

గాజువాక_నాన్న
అక్కా, మీ బాబు గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మావాడు నా జేబులోని పెన్నును చూపుతో వెంబడించి మరీ లాక్కుంటాడు.

కంచరపాలెం_కుర్రోడు
అయితే ఒకచోట కొలిమికి చోటుంది, ఖనిజం పాడు. ఇంకొకచోట ఖనిజం మంచిదే, కొలిమి పూడిపోయింది. బయటికి కనిపించే పొట్ట మాత్రం ఒకలాగే ఉంది. ఇలాంటివి చర్మంలో కూడా జరుగుతాయని ఎక్కడో చదివాను, నిజమేనా?

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
నిజమే. తల్లికి గర్భంలో రుబెల్లా సోకినప్పుడు, సైటోమెగాలో వైరస్ సోకినప్పుడు, లేదా తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపులు పడక బిడ్డ ఎర్రకణాలు పగిలిపోతున్నప్పుడు, పుట్టిన బిడ్డ చర్మంలోనే రక్తం తయారై ఊదానీలం బొబ్బల్లా కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి ఒక రొట్టె పేరు పెట్టారు. మనవాళ్లు ముందు చూసి ఉంటే నేరేడుపళ్ల బిడ్డ అనేవారు. నా సర్వీసులో రెండుసార్లు చూశాను.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ
పేర్లు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఆకలి మీద ఉంటారని నాకు ముందే అనుమానం.

గాజువాక_నాన్న
ఫలితాలు వచ్చాయి. పలక చూసినవారు నూరు తెల్లకణాలకు 96 పచ్చి ఎర్రకణాలు లెక్కపెట్టారు. సరిచేస్తే తెల్లకణాలు 21,400 చొప్పున వచ్చాయి, క్యాన్సరు కణాలు లేవని రాశారు. హెచ్‌పీఎల్‌సీలో పిండ దశలో ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్ 93 శాతం ఉంది. బీటా థలసీమియా మేజర్ అన్నారు. తరువాత మా ఇద్దరికీ కూడా పరీక్ష చేశారు: హిమోగ్లోబిన్ ఏ2 నాకు 5.4, నా భార్యకు 5.1. ఇద్దరమూ వాహకులమట, అంటే జబ్బు లేకుండా దాని లోపాన్ని ఒంట్లో మోసేవాళ్లం. ఆమెది రాజమండ్రి, మాది విజయనగరం వైపు, ఏ తరంలోనూ చుట్టరికం లేదు. అయినా మా ఇంట్లో కొందరు 'కోడలి వైపు నుంచి వచ్చింది' అని మొదలుపెట్టారు. ఆరు నెలల వరకు బాబు బొద్దుగా ఎలా ఉన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

సంపెంగ_మొగ్గ
అన్నయ్యా, సగం మీ వైపు నుంచి వచ్చింది, సగం వదిన వైపు నుంచి వచ్చింది, ఆ కాగితం రెండూ కలిపి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టండి. మా అత్తగారి నోరు అలాగే మూతపడింది. ఆరు నెలల సంగతికి వస్తే, పుట్టినప్పుడు బిడ్డలో హిమోగ్లోబిన్ ఎఫ్ ఎక్కువగా ఉంటుంది, దానికి బీటా గొలుసు అక్కర లేదు. నెలలు గడిచేకొద్దీ పెద్దల రకానికి మారవలసి వచ్చినప్పుడే లోటు బయటపడుతుంది. మా పాపకు కూడా ఏడో నెల నుంచే మొదలైంది.

భీమిలి_మావయ్య
ప్లీహమే రక్తాన్ని నమిలేస్తోందంటున్నారు కదా, దాన్ని తీసివేయిస్తే పోదా? నాకు తెలిసిన ఒకరికి తీసేశారు.

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
తీయవలసిన సందర్భాలు ఉన్నాయి గాని, ఐదేళ్లు నిండని పిల్లల్లో వీలైనంతవరకు ఆ జోలికి వెళ్లము. కొన్ని రకాల సూక్ష్మజీవులను రక్తం నుంచి వడగట్టేది ప్లీహమే. అది లేని పసివాడికి న్యుమోకాకస్ వంటిది సోకితే ఒక్క రాత్రిలో చేయి దాటిపోతుంది. తీయక తప్పనప్పుడు ముందే టీకాలు వేసి, తరువాత పెన్సిలిన్ మీద ఉంచుతారు. సరిగా రక్తం ఎక్కించే పిల్లల్లో ఆ అవసరం చాలావరకు రాదు. ఎక్కించే రోజుకు ముందు చూసినప్పుడు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూసుకుంటే మూత్రపిండాల ఆర్డర్లు తగ్గుతాయి, మూలుగ శాంతిస్తుంది, కాలేయం, ప్లీహం పాత వృత్తిని మళ్లీ మానేస్తాయి. నుదుటి ఎముక కూడా అందుకే పెరగదు. చాలామంది తల్లిదండ్రులు రక్తాన్ని పాలిపోవడానికి మందు అనుకుని, పిల్లాడు వాడిపోయేదాకా ఆగుతారు. అలా ఆగిన ప్రతిసారీ లోపలి కొలుములన్నీ మళ్లీ రాజుకుంటాయి.

సూక్ష్మదర్శిని
పది ఇరవై సంచులు ఎక్కాక ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో తెలిపే ఫెరిటిన్ పరీక్ష చూస్తారు, అది వెయ్యి దాటితే ఇనుమును బయటికి పంపే మందు మొదలుపెడతారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తే అడ్డు చెప్పకండి, అందులో ఇనుము లేదు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్ర చూసినప్పుడల్లా నాకు మనింటి మనిషి కనబడినట్టు ఉంటుంది.

గాజువాక_నాన్న
మా బావగారు ఇప్పుడు కొత్త మాట ఎత్తుకున్నారు: ఇంకొక బిడ్డను కనండి, ఆ బిడ్డ మూలుగతో పెద్దాడు బాగవుతాడు అని. ఇది అయ్యే పనేనా?

ఎంవీపీ_పిల్లల_డాక్టరు
తోబుట్టువు మూలుగ సరిపోతే మార్పిడి వల్ల జబ్బు పూర్తిగా నయం కావచ్చు, చిన్న వయసులో, ఇనుము పేరుకోక ముందు చేస్తే ఫలితం మెరుగు. వేలూరులో 1986 నుంచి చేస్తున్నారు. కోల్ ఇండియా డబ్బుతో నడిచే థలసీమియా బాల సేవా యోజన కింద పది లక్షల వరకు సాయం ఉంది. కాని లెక్క చూడండి. పుట్టబోయే బిడ్డకు జబ్బు రాకపోవడానికి నాలుగింట మూడు వంతులు, మూలుగ సరిపోవడానికి నాలుగింట ఒక వంతు. రెండూ కలిసి వచ్చేది పదహారింట మూడు వంతులే. ఆ మూడు వంతుల మీద ఆశతో బిడ్డను కనడం మీ ఇద్దరి నిర్ణయం, బావగారిది కాదు. కంటే మాత్రం పది పన్నెండు వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష తప్పించుకోవద్దు.

మధురవాడ_మేనత్త
ఒక బిడ్డను ఇంకొక బిడ్డకు మందుగా కనడం నాకు మింగుడుపడదు. మా తమ్ముడు, మరదలు దానికి ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ మాట మీద ఇప్పటికీ మా మధ్య రాకపోకలు అంతంతమాత్రమే.

సంపెంగ_మొగ్గ
నాకు మింగుడుపడింది. మా చిన్నవాడు అలా పుట్టినవాడే, మూలుగ సరిపోలేదు, వాహకుడు కూడా కాదు. ఇంట్లో అల్లరంతా వాడిదే. ఏ లెక్కలో చూసినా వాడు మాకు నష్టం కాదు. పోతే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో థలసీమియా, సికిల్‌సెల్, హిమోఫీలియా మూడూ ఉన్నాయి. ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి అన్నయ్యా, రాష్ట్రం ఇచ్చే నెలవారీ పింఛనుకు కూడా అదే ఆధారం.

గాజువాక_నాన్న
ఐదు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. మూడు వారాలకు ఒకసారి క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తున్నాము, ముందు చూసిన హిమోగ్లోబిన్ ఈసారి 9.7. పక్కటెముక కింద ఆరు వేళ్లు తగిలిన ప్లీహం ఇప్పుడు రెండు వేళ్లే తగులుతోంది. మొలతాడు జారిపోతోందని మా అమ్మ నిన్న రెండు ముళ్లు దగ్గరగా వేసింది. ఇప్పుడు వచ్చిన కష్టం వేరు: బాబుది బీ పాజిటివ్, మే నెలలో కాలేజీలు మూసేస్తే దాతలు దొరకరని బ్లడ్ బ్యాంకులో చెప్పారు. మే 6న ఒకటి, 27న ఒకటి కావాలి. బదులుగా ఏ గ్రూపు ఇచ్చినా తీసుకుంటామన్నారు.

కంచరపాలెం_కుర్రోడు
నాది బీ పాజిటివే, మే 6 నాకు రాసుకోండి. పరీక్షలు 4వ తేదీకి అయిపోతాయి.

బీచ్‌రోడ్డు_బాతాఖానీ
27 నాది. ఫిబ్రవరి 10న ఇచ్చాను, మగవాళ్లకు తొంభై రోజుల గడువు కాబట్టి అప్పటికి దాటిపోతుంది. గ్రూపు ఓ. నాతోపాటు మా బావను కూడా తీసుకువస్తాను, మెదడులో గడ్డ ఉందని తప్పించుకోకపోతే.

భీమిలి_మావయ్య
నాకు అరవై ఎనిమిది, నా రక్తం తీసుకోరు. మా అబ్బాయి ఇస్తాడు, ఫోన్ నంబరు విడిగా పంపిస్తున్నాను. జూన్‌కు కూడా వాడి పేరే రాసుకోవద్దు, ఆ నెలకు వాడి భార్య వస్తానంది.

సూక్ష్మదర్శిని
కోడలి హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి మావయ్య గారూ, ముందు రోజు రాత్రి సరిగా భోంచేసి నిద్రపోయి రమ్మనండి. అందరి పేర్లు నేను ఒక కాగితం మీద రాసి పెడుతున్నాను, జూలై ఖాళీగా ఉంది.